ముక్కల కిటికీ

ముక్కలక్క కోపానికి భయపడని శాల్తీలు ఆ వీధిలో రెండే. ఒకటి చెవులు వినపడని ఆవిడ అత్తగారు. రెండోది బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యి. అత్తగారికి వినపడదు కాబట్టి భయం లేదు, పొయ్యి ఆవిడకన్నా వేడి కాబట్టి ఖాతరు లేదు. మిగిలినవాళ్ళంతా ఆవిడ గొంతు లేచిందంటే ఎందుకైనా మంచిదని పక్కకి తప్పుకునేవారు. అలాగని ఊరికే అరిచే మనిషి కాదు. తూకంలో వేలు పెట్టేవాణ్ణి చూసినా, వరసలో ముసలివాళ్ళని నెట్టుకుని ముందుకొచ్చేవాణ్ణి చూసినా అరికాలి మంట నెత్తికెక్కేది. అలాంటివాళ్ళకి లోకంలో కరువు లేదు కాబట్టి ఆవిడ కోపానికీ కరువు ఉండేది కాదు.

అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఫ్యాక్టరీ వెనక గోడకి రేకు తలుపున్న ఓ చిన్న కిటికీ ఉండేది. దాని వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని విరిగిన బిస్కెట్లు పొట్లాలు కట్టి అమ్మేది కాబట్టి ముక్కలక్క అయింది. పెళ్ళై ఆ వీధికొచ్చిన కొత్తలో ప్యాకింగులో చేరితే, ఫ్యాక్టరీ యజమాని పెద్దాయన ఆవిడ నోరు విని కిటికీ దగ్గరికి మార్చాడు. అక్కడ వరస నిలబెట్టాలంటే అలాంటి నోరే కావాలని ఆయన ఉద్దేశం.

ఆ ఫ్యాక్టరీలో చాలా రకాలు చేసేవారు. పంచదార అద్దిన రస్కులు, నువ్వుల చక్రాలు, వెన్న బిస్కెట్లు. కానీ ఊరు ఊరంతా ప్రాణం పెట్టింది మిరియాల బిస్కెట్టుకి. అరచేయంత వెడల్పు, అట్టముక్కంత పలచన. నోట్లో వేసుకోగానే ఉప్పగా తగులుతుందంతే, ఏముంది దీన్లో అనుకుంటారు. మింగేశాక గొంతులో మిరియం మెల్లగా అంటుకుంటుంది. అప్పుడు ఇంకోటి తినాలి. జ్వరం తగ్గి నోరు చేదెక్కినవాళ్ళకి అదే, బస్సెక్కేవాళ్ళ సంచిలో అదే, సాయంత్రం టీలోకి అదే. ముక్కలక్క అత్తగారికి మిగిలిన నాలుగు పళ్ళకీ అది టీలో నానితే తప్ప ఇంకేదీ పనికొచ్చేది కాదు.

అంత పలచనిది కాబట్టి విరిగేది. విరిగింది ప్యాకెట్లోకి వెళ్ళదు, కిటికీకి వస్తుంది. జనం ఇచ్చినంత డబ్బు పుచ్చుకుని పొట్లం కట్టడమే తప్ప ముక్కలకి లెక్కలు రాయకూడదని పెద్దాయన నియమం పెట్టాడు. కానీ రోజూ అన్ని గంపల ముక్కలు వాటంతటవే విరిగేవనుకుంటే పొరపాటు. ఒకప్పుడు పక్క వీధిలో బట్టల మిల్లు మూతపడి, ఇళ్ళల్లో పొయ్యి రాజేయడమే గగనమైపోయింది. కిటికీ ముందు వరస మలుపు దాకా పెరిగింది. ముక్కలు చాలక జనం ఉత్త చేతులతో వెనక్కి పోతుంటే, పెద్దాయన లోపలికొచ్చి, పొయ్యిలోంచి అప్పుడే దిగిన ట్రేని చేతికర్రతో టకటకమని కొట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. ఆయన ఒక్క మాట అనలేదు, పనివాళ్ళూ ఒక్క ప్రశ్న అడగలేదు. మర్నాటినుంచి ట్రేలు దించేవాళ్ళు వాటిని బల్లమీద కాస్త బరువుగా దించడం మొదలుపెట్టారు.

మిల్లు సంగతి జనం మరిచిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు చెయ్యి జారడం. బడి వదిలే వేళకి ఓసారి చెయ్యి జారేది, సాయంత్రం పనులు దిగి వచ్చేవాళ్ళ కోసం ఇంకోసారి జారేది. కొత్తగా చేరినవాళ్ళకి మొట్టమొదట నేర్పే విద్య అదే. ఎంత బరువుగా దించితే ముక్కలవుతుంది, ఎంత బరువుగా దించితే పొడైపోతుంది. పొడి చేసినవాళ్ళకి ఆ రోజు ముక్కలక్క చేతిలో మూడినట్టే.

పెద్దాయన పోయాడు, అల్లుడు వచ్చాడు. అల్లుడుగారికి మిరియం పడదు, తింటే ఎక్కిళ్ళు. మామగారి కుర్చీ వేడి చల్లారకముందే ఫ్యాక్టరీని తీసుకెళ్ళి ఓ పెద్ద కంపెనీకి అమ్మేశాడు. ఆ కంపెనీ పేరు నేనిక్కడ రాయను. రాయకపోయినా మీ వీధి చివర కొట్లో దాని ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతూనే ఉంటాయి, సగం గాలి, సగం రంగు, చించి చూస్తే అడుగున నాలుగు పలుకులు.

ముందు నువ్వుల చక్రాలు మాయమయ్యాయి. జనం కొట్లో అడిగితే, వచ్చేవారం వస్తాయన్నాడు కొట్టాయన. వచ్చేవారం రస్కులు కూడా రాలేదు. వెన్న బిస్కెట్టు మాత్రం వచ్చింది కానీ అందులో వెన్న లేదు, కాగితం మీద బొమ్మలో ఉందంతే. ముక్కలక్క కొట్టుకి వెళ్ళి ఇదేమిటని నిలదీసింది. ఆ కొట్టాయన పాపం ఏం చెయ్యగలడు. ఫ్యాక్టరీ చేతులు మారిన వారానికే కొట్లో కొత్త అల్మరా వెలిసింది, లైట్లతో సహా ఉచితం. ఉచితంగా వచ్చిన అల్మరాలో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో చెప్పే హక్కు కూడా దానితోపాటే వచ్చింది. ఆ సంగతి ఆయన చెప్పుకోలేక నసిగాడు. నీ కొట్లో నీ మాట చెల్లదా అని దులిపేసి, ఏమీ కొనకుండా వచ్చేసింది.

ఫ్యాక్టరీకి కొత్త ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే, చక్కటి మాట, అందరినీ అమ్మా, అన్నా అనే పిలుపు. తిట్టేవాడైతే ముక్కలక్కకి సులువుగా ఉండేది. ఈయన ఎదురొస్తే నమస్కారం పెట్టేవాడు. కోపిష్టి మనుషుల్లో ఓ బలహీనత ఉంటుంది. ఎదుటివాడు మర్యాదగా మాట్లాడితే వాడు చెప్పేది నిజమే అయ్యుంటుందని నమ్మేస్తారు.

నెల మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం ఆ ఆఫీసరు అందరినీ ప్యాకింగు హాల్లో నిలబెట్టి, నెలాఖరుతో మిరియాల బిస్కెట్టు ఆపేస్తున్నామని చల్లగా చెప్పాడు. ముక్కలక్క ఒంటికాలిమీద లేచింది. తాతల నాటినుంచి తింటున్నదాన్ని ఆపడానికి మీరెవరంది. పెద్దాయన ఉంటేనా అంది. ఆయన చేతికర్ర ఎక్కడుందో చూపిస్తానంది. ఆవిడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగేదాకా ఆఫీసరు చేతులు కట్టుకుని ఓపిగ్గా విన్నాడు.

"జనం కొనట్లేదమ్మా" అన్నాడు అప్పుడు.

"ఊరు ఊరంతా తింటుంటే కొనట్లేదంటావేంటి బాబూ?"

"ఎక్కడ కొంటున్నారు? ఈ ఊళ్ళో ఏ కొట్లోనూ పెద్దగా పోవట్లేదు. చేసిన సరుకులో సగానికి సగం విరిగిపోతోంది. మిగతాది పై ఊళ్ళ వాళ్ళు కొంటున్నారు. సొంత ఊరే కొనని సరుకుని మేమెట్లా నిలబెట్టాలి? మీరే చెప్పండి."

ట్రేలు దించేవాళ్ళు తమ చెప్పుల వంక చూసుకున్నారు. పొయ్యి దగ్గర పనిచేసే పెద్ద మేస్త్రీ, అందరికీ బాబాయ్, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ముక్కలక్క మనసులో లెక్క వేసుకుంది. ఊరు తింటోంది నిజమే. కొట్లో కొనట్లేదు, అదీ నిజమే. కిటికీలో పొట్లం దొరుకుతుంటే ప్యాకెట్టు కొనేంత వెర్రివాళ్ళా జనం? ఇన్నేళ్ళూ అందరూ కలిసి చేసిన పుణ్యమే ఇప్పుడు తిలాపాపం తలా పిడికెడై ఆ హాల్లో పంచుకోవలసి వచ్చింది. కోపం మధ్యలో ముక్కలక్క కింద కూర్చోవడం అదే మొదటిసారి.

మీటింగు అవ్వగానే బాబాయ్ ఆవిడ్ని సంచుల గదిలోకి పిలిచాడు. ఆ మనిషి ఎవరినీ బతిమాలి ఎరగడు. "అమ్మాయ్, నీ నోటికి దణ్ణం పెడతాను, ఈ ఒక్క సంగతీ బయటపెట్టకు. కావాలనే విరగ్గొట్టామని తెలిస్తే అందర్నీ గేటు బయట నిలబెడతారు. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?" అన్నాడు. ముక్కలక్కకి చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతోంది. చెబితే ఇంతమంది కడుపు కొట్టినట్టు, చెప్పకపోతే బిస్కెట్టు గొంతు నులిమినట్టు. సరేనంది.

అనేసి నేరుగా ఆఫీసరు గదికి వెళ్ళింది. విరగడం మా చేతుల్లో ఉన్న లోపమే సార్, సరిదిద్దుకుంటాం, నెలాఖరు దాకా చూసి అప్పుడు చెప్పండని అడిగింది. సార్ అనే మాట ఆవిడ నోట్లోంచి పన్ను ఊడినంత కష్టంగా వచ్చింది. ఆఫీసరు నవ్వాడు. విరగకుండా తీయగలిగితే పైవాళ్ళతో మాట్లాడతాను, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అన్న మాటని పట్టుకుని ఆవిడ గుమ్మం దాటింది.

ఆ రోజునుంచి ఫ్యాక్టరీలో ట్రేలు పసిపిల్లల్ని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా దిగాయి. బల్లమీద పాత గోనెలు పరిచారు. ముక్కలక్క పగటిపూట కిటికీ వదిలేసి లైను పక్కనే నిలబడి, మెల్లగా, మెల్లగా అని అందరి ప్రాణాలూ తీసింది. ఒకప్పుడు పొడి చేసినవాళ్ళని తిట్టిన నోటితోనే ఇప్పుడు అంచు చిట్లితే తిట్టింది. విరిగేవి రోజురోజుకీ తగ్గాయి. కిటికీలో గంప అడుగు కనపడసాగింది, తరవాత గంపే కనపడలేదు.

సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, ఇకమీదట కొట్లో కొనండి, వెళ్ళి గట్టిగా అడగండి, మీరు అడిగితేనే బతుకుతుంది అని చెప్పింది. కొందరు వెళ్ళి అడిగారు. వ్యాను వాడు తేవట్లేదన్నాడు కొట్టాయన. ముక్కలక్క ఆ సంగతి ఆఫీసరుతో అంటే, దార్లో ఉంది, వచ్చేస్తుందమ్మా అన్నాడు. మళ్ళీ నమ్మింది. ఇంత నోరున్న మనిషి అంత సులువుగా నమ్మిందేమిటని మీరనొచ్చు. ములిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికితే అది గడ్డిపోచేనా అని పరీక్ష చేసుకుంటాడా?

వీధి మాత్రం ఆవిడ్ని నమ్మలేదు. రోడ్డుకవతల ఇస్త్రీ చేసే వదిన, రోజూ సాయంత్రం మొదటి పొట్లం పుచ్చుకునే మనిషి, పెట్టెలో బొగ్గులు ఆరకముందే వచ్చి కిటికీ ముందు నిలబడింది.

"ముక్కల్లేవా? ఇన్నేళ్ళూ విరిగినవి ఇవాళ ఇనుపరేకులయ్యాయా వదినా?"

"కొట్లో కొనుక్కో."

"కొట్లో కొనే స్తోమతుంటే నీ కిటికీ ముందు ఎందుకు నిలబడతాను? కంపెనీ టోపీ పెట్టగానే కంపెనీ మనిషివైపోయావు."

ఆ మాటకి ముక్కలక్క ఒళ్ళు మండిపోయింది. నీకోసం, నీ పిల్లల కోసం విరగ్గొట్టే కదా ఈ గతి పట్టిందని అరవబోయి, బాబాయ్ మొహం గుర్తొచ్చి, మింగలేక కక్కలేక, రేకు తలుపు ఆవిడ మొహం మీదే దబ్బుమని వేసేసింది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే అదే. ఆ రోజుతో ఇస్త్రీ వదిన కిటికీకి రావడం మానేసింది. ఆవిడ్ని చూసి మరికొందరు మానేశారు.

ఇంట్లో ఇంకో రణం. ముక్కలక్క మొగుడు దర్జీ, నోట్లో నాలుక లేని మనిషి, ఉన్న మాటలన్నీ కుట్టు మిషనుకి వదిలేసి కూర్చుంటాడు. అత్తగారు టీ గ్లాసు పట్టుకుని బిస్కెట్టేదని అడిగేది. లేవు అత్తయ్యా అని చేతులు తిప్పి చూపిస్తే, దాచుకుని తింటున్నావు, నాకు కనపడదనుకున్నావా అని, వినపడకపోయినా కళ్ళు బాగానే ఉన్నాయని గుర్తుచేసేది. ఓరోజు ఆ రభస విని దర్జీ మిషను ఆపాడు. ఆయన మిషను ఆపడమంటే చిన్న విషయం కాదు.

"నీ కోపం అసలు ఎవరిమీదే?" అని అడిగాడు.

"నా మీదేనండీ" అంది ముక్కలక్క. "ఎవరో వచ్చి చంపుతున్నారని అరుస్తున్నాను గానీ, చంపింది మేమే కదా. మా చేతుల్తో మేమే."

దర్జీ లేచాడు. ఆవిడకి కంచం పెట్టాడు, ఆవిడ ముట్టుకోలేదు. ఆ కంపెనీవాళ్ళ మీదా, వీధి మీదా, చచ్చిపోయిన పెద్దాయన మీదా ఉన్న కోపమంతా కలిపినా ఆవిడకి తనమీద ఉన్న కోపానికి సరితూగేది కాదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇక్కడే. దోపిడీ చేసినవాడు హాయిగా నిద్రపోతే, దోపిడీకి గురైనవాళ్ళు తలుపు నేనే సరిగ్గా వెయ్యలేదేమో అని తలబాదుకుంటారు.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు లైను మొదలుపెట్టినప్పటినుంచీ ఒక్క బిస్కెట్టు విరగలేదు, ఒక్క అంచు చిట్లలేదు. ట్రేల మీద వరసలు వరసలుగా, చెక్కుచెదరకుండా నిలిచాయి. ట్రేలు దించేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. బాబాయ్ పొయ్యి మూత దించి, అమ్మాయ్, గెలిచాం అన్నాడు. ముక్కలక్క ఆఫీసరుని తానే వెళ్ళి పిలుచుకొచ్చింది.

ఆఫీసరు ట్రేలన్నీ తిరిగి చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. బంగారం లాంటి చేతులమ్మా మీవి అన్నాడు. ఈ పాత లైను మీద ఇంత నాజూకు సరుకు దిగుతుందని మేమనుకోలేదు, సోమవారం నుంచి మన క్రీము బిస్కెట్టు దీని మీదే తీద్దాం, పైవాళ్ళకి ఇప్పుడే ఫోను చేసి చెబుతానన్నాడు.

"మరి మిరియాలది?" అంది ముక్కలక్క.

"అది ఆగిపోయినట్టే కదమ్మా. చెప్పాను కదా."

"విరక్కపోతే మాట్లాడతానన్నావు."

ముక్కలక్కకి ఇక నోరు ఆగలేదు. బాబాయ్ వంక చూడకుండా, అందరి ముందూ చెప్పేసింది. విరిగింది బిస్కెట్టు పలచనై కాదు, మేం విరగ్గొట్టాం కాబట్టి అంది. కొనలేనివాళ్ళు తినాలని విరగ్గొట్టాం, నాకు శిక్ష వేసుకో, నన్ను పంపించెయ్, బిస్కెట్టు మాత్రం ఉంచు అంది. ఆవిడ గొంతు అప్పుడు అసలు లేవలేదు. బతిమాలుతున్న ముక్కలక్కని అక్కడివాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు, చూడలేక తలలు దించుకున్నారు.

ఆఫీసరు కూడా తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు, అదే ఇంకా ఒళ్ళుమంట.

"తెలుసమ్మా" అన్నాడు. "మీ కిటికీ సంగతి ఫ్యాక్టరీ కొనకముందే తెలుసు. దానికీ దీనికీ సంబంధం లేదు. మేము కొన్నది బిస్కెట్టుని కాదు, కొట్లలో మీ బిస్కెట్లుండే చోటుని. ఆ చోట్లో మా సరుకు పెట్టుకోవాలి. విరిగినా, విరక్కపోయినా ఇది ఆగేదే."

"మరి ఆ రోజు చూద్దాం అన్నావేం?"

"మీరంత బాధలో ఉన్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

ముక్కలక్క అరుస్తుందనుకున్నారు. అరవలేదు. నిండు ట్రే ఒకటి రెండు చేతులా ఎత్తుకుంది, మెల్లగా, అంచు తగలకుండా, ఆ నెలంతా అందరికీ నేర్పిన పద్ధతిలోనే. ఎత్తుకుని కిటికీ వైపు నడిచింది. అమ్మా, అవి పై ఊరికి వెళ్ళాల్సినవి అన్నాడు ఆఫీసరు వెనకనుంచి. ఆవిడ ఆగలేదు. రేకు తలుపు తీసి, రోడ్డు మీదికి తల పెట్టి, వీధి ఆ చివరిదాకా వినపడేలా ఇస్త్రీ వదినని పిలిచింది.

వదిన వెంటనే రాలేదు. రోషం ఉంటుంది కదా. చేతిలో చొక్కా పూర్తిగా మడతపెట్టి, బిగుసుకున్న మొహంతో వచ్చి నిలబడింది. ముక్కలక్క ఆవిడ చేతుల్లో దొంతరకి దొంతర బిస్కెట్లు పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ కిటికీలోంచి పూర్తి బిస్కెట్టు బయటికి రావడం ఎవరూ చూడలేదు. వదిన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి విరగలేదే అంది.

"విరగ్గొట్టక్కర్లేదు వదినా, ఇవే ఆఖరివి" అంది ముక్కలక్క. "మొన్న తలుపు నీ మొహాన వేసినందుకు ఏమీ అనుకోకు. మన తిండే దీన్ని చంపిందనుకున్నాను. కాదట. వాళ్ళు కొన్నదే చంపడానికట. మనమే చంపామని నెల్లాళ్ళూ నా చేత అనిపించారు."

వరస తయారైంది. ముక్కలక్క వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసింది. బాబాయ్ రెండో ట్రే మోసుకొస్తున్నాడు. ఆయన వెనక ట్రేలు దించేవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆఫీసరు ఎవరికో ఫోను చేస్తూ హాల్లోనే నిలబడిపోయాడు.

సోమవారం ముక్కలక్కనీ బాబాయ్‌నీ గేటు దగ్గరే ఆపేశారు. ఎందుకని అడిగితే, కంపెనీ సరుకు పాడుచేసినందుకని గేటు మనిషి మొహం చూడకుండా చదివి వినిపించాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో వాళ్ళు ఒక్క బిస్కెట్టు కూడా కావాలని పాడుచెయ్యని నెల అదొక్కటే.